సర్వే రాయి పడకముందే గ్రామసభ

వేసవి మధ్యాహ్నం రాయలసీమ సోలార్ పార్కుల్లో కరెంటు మిగిలిపోతుంది. కొనేవాళ్లు చాలక ఒక్కోరోజు ప్లాంట్లను తగ్గించి నడపాల్సి వస్తుంది. అదే రోజు పొద్దు గూకాక ఇళ్లలో ఏసీలు, ఫ్యాన్లు, లైట్లు ఒక్కసారిగా పడతాయి. అప్పుడు సోలార్ సున్నా. మధ్యాహ్నం మిగిలింది రాత్రికి దాచుకోగలిగితే బొగ్గు తగ్గుతుంది. ఈ అవసరం నిజమైనది, దాని మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా ఎక్కడ దాస్తున్నారు, ఎవరిని అడిగి దాస్తున్నారు అన్న దగ్గరే.

దాచే పద్ధతుల్లో పాతది, నమ్మకమైనది పంప్డ్ స్టోరేజ్. కొండ మీద ఒక జలాశయం, కొండ కింద ఒకటి ఉంటాయి. మధ్యాహ్నం మిగులు కరెంటుతో కింది నీళ్లను పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. నూరు యూనిట్లు ఖర్చుపెడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. మిగతాది పంపులోనూ సొరంగంలోనూ పోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూస్తే కంపెనీల చూపు తూర్పు కనుమల మీదే ఎందుకు పడిందో అర్థమవుతుంది. వెయ్యి లీటర్ల నీళ్లు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, నష్టాలు పోను దాదాపు ముప్పావు యూనిట్ వస్తుంది. వెయ్యి మెగావాట్ల ప్లాంటు ఆరు గంటలు నడవాలంటే 60 లక్షల యూనిట్లు కావాలి. అంటే పై చెరువులో 80 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు, సుమారు 0.28 టీఎంసీ. సగటున 20 మీటర్ల లోతు అనుకున్నా వంద ఎకరాల నీటి పరపు, కింద మళ్లీ అంతే. అదే ఎత్తు వంద మీటర్లే అయితే నీళ్లు మూడు రెట్లు కావాలి, ముంపు ఆ మేరకు పెరుగుతుంది. కాబట్టి ఇంజనీరు వెతికేది తక్కువ దూరంలో నిటారుగా దిగే కొండను. విశాఖ మైదానం దాటగానే గోడలా లేచే అనంతగిరి, చింతపల్లి, సాలూరు కొండలు మ్యాపులో అచ్చం అలాగే కనిపిస్తాయి. ఆ మ్యాపులో ఊళ్లు కనిపించవు. అక్కడ కొండదొర, కొటియా, భగత, గదబ, పోర్జ, కోందు కుటుంబాల కాఫీ తోటలు, పసుపు మళ్లు, చోళ్ల పోడు ఉన్నాయని ఎత్తుల గీతలు చెప్పవు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో పంప్డ్ స్టోరేజ్ విధానం ప్రకటించింది, 2024 అక్టోబరులో సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. ఎర్రవరం, పెదకోట, గుజ్జిలి, చిట్టంవలస, కురుకుట్టి, కర్రివలస పేర్లతో అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ప్రతిపాదనలు వచ్చాయి. ఆ పేర్లన్నీ ఊళ్ల పేర్లే. ఊరి పేరు ప్రాజెక్టుకు పెట్టి, పక్కన మెగావాట్లు రాసి, డెవలపర్‌ను ఖరారు చేశాక ఆ ఊరికి సంగతి తెలుస్తుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ నవ్వులాట కాదు. పేరు పెట్టిన బిడ్డ ఎప్పుడైనా పుట్టి తీరుతుందనే భయంతో ఆ ఊళ్లు బతుకుతున్నాయి.

నేను చెప్పదలచింది ఒకటే. ఏజెన్సీలో చట్టం లేక కాదు, వరుస తప్పడం వల్ల అన్యాయం జరుగుతోంది. మొదట జరగాల్సిన గ్రామసభను చివరి మెట్టుకు నెట్టారు. చివర అడిగే సమ్మతి సమ్మతి కాదు.

చట్టం ఏం చెబుతోంది

ఐదో షెడ్యూల్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద గుర్తించిన ఏజెన్సీలో, భూమికి నాలుగు చట్టాలు కాపలా ఉన్నాయి. నాలుగూ నాలుగు రకాలుగా మాట్లాడతాయి. అధికారులు వాటిలో తమకు వీలైనదాన్ని పట్టుకుని మిగతా మూడింటినీ మరిచిపోవడం మామూలైపోయింది.

1996 నాటి పెసా, అంటే పంచాయతీలను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం, సెక్షన్ 4(ఐ) ప్రకారం భూసేకరణకు ముందు, పునరావాసానికి ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఇక్కడ ఉన్నది ‘సంప్రదింపు’ అనే మాటే. అందుకే ఫైళ్లలో ఎక్కువగా పెసాయే కనిపిస్తుంది. పిలిచాం, చెప్పాం, విన్నాం, అయిపోయింది.

2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 ఇంకో మెట్టు పైకి వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో వీలైనంత వరకు భూసేకరణ చేయకూడదు. చేస్తే అది వేరే దారే లేదని రుజువు చేయగలిగిన ఆఖరి మార్గమై ఉండాలి. గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలి. మాట సమ్మతి, సంప్రదింపు కాదు. రాష్ట్రం 2018లో చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు తెచ్చింది గానీ సెక్షన్ 41 జోలికి పోలేదు. ‘మా ప్రాజెక్టుకు మినహాయింపు వచ్చింది’ అని ఎవరైనా అంటే, ఏ అధ్యాయం నుంచి వచ్చిందో అడగండి.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో బతికే ఎవరినీ కదిలించకూడదు. దీన్ని పట్టుకునే కేంద్ర పర్యావరణ శాఖ 2009 ఆగస్టు 3న ఒక సర్క్యులర్ ఇచ్చింది. అటవీ భూమిని వేరే పనికి మళ్లించాలంటే హక్కుల ప్రక్రియ పూర్తయిందని, మళ్లింపుకు ఒప్పుకుంటున్నామని సంబంధిత గ్రామసభలన్నీ రాసివ్వాలి.

నాలుగోది మన సొంత చట్టం, 1/70. 1959 రెగ్యులేషన్‌ను 1970లో బిగించారు. ఏజెన్సీ భూమి గిరిజనులకో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఎవరికీ బదిలీ కాకూడదు. ఈ ‘ఎవరికీ’ అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందా, ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వొచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కేసులో 1997 జులై 11న తీర్పు వచ్చింది, దాన్నే సమత తీర్పు అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుగా ఇవ్వడం చెల్లదని తేల్చింది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల నుంచి. ఇప్పుడు పెదకోట ప్రతిపాదన ఉన్నదీ అదే మండలంలో. గని కాదు, జలాశయం కదా అని వాదించొచ్చు. కానీ 1/70లో గని అన్న మాటే లేదు. ఉన్నది బదిలీ. వందెకరాల భూమిని ఒక కంపెనీకి దశాబ్దాల పాటు అప్పగించి అది బదిలీ కాదంటే వినడానికే బాగోదు.

ఒక హెచ్చరిక. అనకాపల్లి, విజయనగరం జిల్లాల అంచుల్లో గిరిజనులే ఉన్నా షెడ్యూల్‌లో చేరని ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ పెసా, 1/70 పనిచేయవు. అటవీ హక్కుల చట్టం మాత్రం షెడ్యూల్‌తో పని లేకుండా అన్నిచోట్లా వర్తిస్తుంది. ఒకే ప్రాజెక్టు పై చెరువు ఏజెన్సీలో, కింది చెరువు షెడ్యూల్ బయట పడితే, కింది ఊరికి ఉన్న గట్టి ఆధారం అదొక్కటే.

వరుస ఎక్కడ తప్పింది

కాగితాలు నడిచే తీరు చూద్దాం. ముందు రాష్ట్రం సైటును కంపెనీకి కేటాయిస్తూ జీవో ఇస్తుంది. తర్వాత ప్రాథమిక నివేదిక. తర్వాత డ్రిల్లింగ్ బృందాలు వచ్చి రాయి గట్టిదనం చూడ్డానికి బోర్లు వేస్తాయి. పర్యావరణ అధ్యయనానికి కేంద్రం షరతులు రాసిస్తుంది. డీపీఆర్, అంటే సవివర ప్రాజెక్టు నివేదిక, కేంద్ర విద్యుత్ అథారిటీకి వెళ్తుంది. తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ, పర్యావరణ అనుమతి, అటవీ అనుమతి మొదటి దశ, రెండో దశ. గ్రామసభ తీర్మానం కావాలనే సంగతి ఈ చివరి మెట్ల దగ్గర గుర్తొస్తుంది. అప్పటికే బ్యాంకులతో మాటలు నడుస్తుంటాయి, కోట్లు ఖర్చయి ఉంటాయి. అప్పుడు ఊరు ‘వద్దు’ అంటే అది ఒక అభిప్రాయంలా వినబడదు, అడ్డంకిలా వినబడుతుంది. అడ్డంకిని తొలగించడానికి అధికార యంత్రాంగానికి అలవాటైన దారులు ఉన్నాయి.

ఈ వరుసను ఇంకా వెనక్కి నెట్టింది 2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నియమాలు. కేంద్రం తుది ఆమోదం ఇచ్చాక, అటవీ హక్కుల సంగతి రాష్ట్రం చూసుకుని మళ్లింపు ఉత్తర్వు ఇవ్వాలని మార్చాయి. జాతీయ ఎస్టీ కమిషన్ దీన్ని గట్టిగా ఆక్షేపించింది. 2023 సవరణ తర్వాత సర్వే, అన్వేషణ పనులను కేంద్రం పెట్టే షరతులకు లోబడి అటవీయేతర వాడకంగా లెక్కించనక్కర్లేదు. అంటే మొదటి డ్రిల్లింగ్ యంత్రం కొండెక్కేటప్పుడు ఊరిని అడగాల్సిన మెట్టే కనబడదు. కొండ మీద జనానికి ప్రాజెక్టు గురించి తెలిసేది తరచూ ఇలాగే. తోటలో ఎవరో ఎర్ర రంగు గుర్తు పెట్టిపోతారు, మర్నాడు జీపు వస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది కదా అంటారు. దాన్నీ గ్రామసభనూ ఒకే గాట కట్టకూడదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వీడియో తీయాలి, సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కానీ కోరం లేదు. పదిమంది వచ్చినా సభ సభే. పైగా అది అభిప్రాయం రికార్డు చేస్తుంది, నిర్ణయం తీసుకోదు. అటవీ హక్కుల గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. హక్కుల క్లెయిముల మీద తీర్మానం చేస్తుంటే క్లెయిము పెట్టినవాళ్లలో సగం మంది ఉండాలి.

తీర్మానం పాడయ్యేది ఎలాగో ఎరిగినవాళ్లకు ఈ మూడు సంఖ్యల విలువ తెలుసు. కొండ పంచాయతీ ఒక్క ఊరు కాదు. కొన్నిటి కింద పది, పదిహేను శివారు గ్రామాలు గుట్టలకు అటూ ఇటూ చెదిరి ఉంటాయి. పెసా దృష్టిలో ఊరంటే ఆ శివారే, తన వ్యవహారాలు తానే చూసుకునే జనావాసం. కానీ సభ పంచాయతీ కేంద్రంలో పెడతారు, ఒక్కోసారి మండల కేంద్రంలోనే. ముంపులో పోయే గూడెం నుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిచి నలుగురు వస్తారు. ముంపుతో సంబంధం లేని రోడ్డు పక్క ఊరి నుంచి నలభై మంది వస్తారు. కోరం నిండినట్టు కాగితం మీద తేలుతుంది.

హాజరు పట్టీ ఇంకో గొయ్యి. గీతలు కొట్టిన తెల్ల కాగితం మీద పేరు, తండ్రి పేరు, వేలిముద్ర. పైన శీర్షిక ఉండదు. సభ అయ్యాక ఆ కాగితం పైన ఏ వాక్యం రాస్తే కింద వేలిముద్రలన్నీ ఆ వాక్యానికి సంతకాలవుతాయి. కాబట్టి ప్రతి పేజీ నెత్తిన తేదీ, గ్రామం పేరు, సభ అంశం సిరాతో రాయకుండా ఎవరూ వేలు పెట్టకూడదు. చివరి పేరు కింద గీత కొట్టి మొత్తం సంఖ్య అక్షరాల్లో రాయాలి. తీర్మానం పుస్తకంలో రాయడం పూర్తయ్యాక, చదివి వినిపించాక సంతకాలు. ఇది చాదస్తం కాదు. భూమి పోయేది ఈ పేజీ మీదే.

ఇక భాష. చట్టం స్థానిక భాష అంటే అధికారులకు తెలుగు అని అర్థమవుతుంది. కోందు ముసలమ్మకు ఇంట్లో భాష కువి. సంతలో బేరమాడేంత తెలుగు వస్తుంది గానీ ‘జలవాహక సొరంగం’, ‘నికర ముంపు విస్తీర్ణం’ అంటే రాదు. చదువుకున్న తెలుగువాడికీ రాదు. కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పగలిగిన మనిషిని ఊరే ఎంచుకోవాలి, కంపెనీ తెచ్చుకున్న మనిషి కాదు. మ్యాపు గోడకు వేలాడదీస్తే చాలదు. నీళ్లు ఎంతవరకు వస్తాయో పొలంలో సున్నం గీత పోసి చూపించాలి. ఆ గీత చూశాక వచ్చే ప్రశ్నలే అసలు గ్రామసభ.

ముంపు లెక్కలో రానివి

ప్రాజెక్టు నివేదికలు సాధారణంగా చెరువుల విస్తీర్ణం చెప్పి ‘ముంపు తక్కువ’ అంటాయి. సంప్రదాయ ఆనకట్టతో పోలిస్తే అది నిజమే. కానీ కొండ మీద నష్టం చెరువు గట్టు దగ్గర ఆగదు.

మొదటిది సొరంగం. ఏడు మీటర్ల వ్యాసంతో ఒక కిలోమీటరు తవ్వితే గట్టి రాయి 38 వేల ఘనపు మీటర్లకు పైగా వస్తుంది. పగిలాక అది ఒకటిన్నర రెట్లు ఉబ్బి 57 వేలు దాటుతుంది. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లకు ఐదు వేల ఏడు వందల ట్రిప్పులకు పైమాటే. ఇది ఒక్క కిలోమీటరుకు. భూగర్భ విద్యుత్ కేంద్రం, ఇతర సొరంగాలు, ఆనకట్టల పునాదులు వేరే. ఆ రాయి ఎక్కడ పోస్తారు? చదును నేల కావాలి. కొండల్లో చదునుగా ఉండేది గెడ్డ (కొండవాగు) పక్క పల్లం, అంటే వరి మడి. రాతి గుట్టకు కింద గోడ కట్టకపోతే మొదటి గట్టి వానకే జారి గెడ్డలోకి దిగుతుంది. దిగువ మళ్లలో ఇసుక మేట వేస్తుంది. ఆ మడి ముంపు జాబితాలో ఉండదు కాబట్టి పరిహారం జాబితాలోనూ ఉండదు.

రెండోది ఊటలు. ఏజెన్సీ గూడేలకు తాగునీళ్లు చాలాచోట్ల కొండ ఊట నుంచే వస్తాయి. ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి పైపు వేస్తే మోటారు లేకుండా నీళ్లు ఊళ్లోకి దిగుతాయి. ఆ నీళ్లు కొండలోని పగుళ్లలో, పైనున్న మెత్తని పొరలో నిలవ ఉంటాయి. సొరంగం ఆ పగుళ్లను కోసుకుంటూ పోతే నీటికి తేలిక దారి దొరుకుతుంది, ఊటకు రావాల్సింది సొరంగంలోకి కారుతుంది. సిమెంటు పొర వేశాక కొంత ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఊట ఎండిపోయినప్పుడు ‘ఆ ఏడు వానలు తక్కువ’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. దానికి ఎదురు చెప్పాలంటే ముందునుంచీ రాసిపెట్టుకున్న లెక్క ఉండాలి.

మూడోది చెరువు స్వభావం. ఊరి చెరువులా ఇందులో నీళ్లు నిలకడగా ఉండవు. రోజూ మీటర్ల కొద్దీ దిగి మళ్లీ ఎక్కుతాయి. చేపలు పెంచలేరు, పశువులను దింపలేరు, అంచున కూరగాయలు వేయలేరు. ‘ఊరికి చెరువు వస్తుంది’ అని ఎవరైనా చెబితే అది అబద్ధమని సభలో నిలబడి చెప్పాలి. అది కంచె వేసిన ట్యాంకు.

నాలుగోది లైను. కరెంటు బయటికి పోవాలంటే 400 కేవీ లైను కావాలి. దానికి దాదాపు 46 మీటర్ల వెడల్పు దారి వదలాలి, కిలోమీటరుకు పదకొండు ఎకరాలకు పైనే. సిల్వర్ ఓక్ నీడలో మిరియం పాకించుకున్న కాఫీ తోటలో ఈ దారి పడితే నీడచెట్లు నరకాలి, నీడ పోతే కాఫీ నిలవదు. ఇక్కడే చట్టంలో పెద్ద కన్నం ఉంది. 2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ రోడ్లు, పైపులైన్లు, విద్యుత్ లైన్ల లాంటి వాటికి గ్రామసభ సమ్మతి నుంచి మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వం ఆదిమ తెగలుగా జాబితాలో చేర్చినవాళ్ల హక్కులు దెబ్బతినే చోట మాత్రం ఆ మినహాయింపు లేదు. గదబ, పోర్జ, కోందు తెగల్లోని పలు శాఖలు ఆ జాబితాలో ఉన్నవే. లైను వాళ్ల అటవీ భూమి మీదుగా పోతుంటే సమ్మతి అడగాల్సిందే. ఈ ఒక్క వాక్యం తెలియక ఎన్ని ఊళ్లు ఊరుకున్నాయో.

ఆఖరి మార్గమేనా

సెక్షన్ 41లోని ‘ఆఖరి మార్గం’ అన్న మాటను ఎవరూ గట్టిగా అడగడం లేదు. అడగాలి. వేరే దారి లేదని రుజువు చేయాల్సింది ప్రాజెక్టు కోరేవాళ్లే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఏజెన్సీ బయట, నది మీద కాకుండా 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టారు. అల్లూరి జిల్లాలోనే ఎగువ సీలేరులో ప్రభుత్వ సంస్థ ఏపీ జెన్‌కో 1350 మెగావాట్లకు ప్రణాళిక వేసింది. అది ఎప్పుడో కట్టిన గుంటవాడ, డొంకరాయి జలాశయాలనే పైచెరువుగా, కిందచెరువుగా వాడుకుంటుంది. కొత్త చెరువు కోసం కొత్త గూడేలను ముంచనక్కర్లేదు. సొరంగాల ప్రశ్నలు అక్కడా ఉన్నాయి, అయినా రెండిటి మధ్య తేడా చిన్నది కాదు. బ్యాటరీల సంగతి సరేసరి. నాలుగు గంటల నిల్వకు సబ్‌స్టేషన్ పక్కనే పెట్టుకోవచ్చు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, అయినా పెదకోట కొండే కావాలని తేలితే ఆ లెక్క ఊరి ముందు పెట్టాలి. అలాంటి పోలిక పట్టిక లేకుండా భూసేకరణ మొదలైతే సెక్షన్ 41(2) ఉల్లంఘన అవుతుందని నా వాదన.

హరిత ఇంధనం కదా, మంచి పనికి అడ్డెందుకు అని నగరంలో మిత్రులు అంటుంటారు. నార్వేలో ఫోసెన్ సంగతి వాళ్లు చూడాలి. సామీ ఆదివాసులు రెయిన్‌డీర్ మేపే నేలలో రోన్, స్టోర్‌హేయా అనే చోట్ల 151 గాలిమరలు నిలబెట్టారు. కేసు నడుస్తుండగానే కట్టేశారు. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు, లైసెన్సులు చెల్లవు, పౌర రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 27వ అధికరణ కింద సామీల సంస్కృతి హక్కుకు భంగం కలిగింది అని ఏకగ్రీవంగా చెప్పింది. మరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 2023లో యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖ గుమ్మం ముందు కూర్చున్నాకే కదలిక వచ్చింది. ఒక కుటుంబ సమూహంతో 2023 డిసెంబరులో, ఇంకోదానితో 2024 మార్చిలో ఒప్పందాలు కుదిరాయి. అంత సంపన్న దేశంలో, అంత గట్టి తీర్పు వచ్చాక కూడా, కట్టేసినదాన్ని తీయించలేకపోయారు. ముందు అడగకపోతే గెలిచిన కేసు కూడా చేతులు కాలాక పట్టుకున్న ఆకే.

దీనికి ఎదురు ఉదాహరణ మన పొరుగునే ఉంది. ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ గని కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. ఆ జులై, ఆగస్టుల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు, కొండ మిగిలింది. తవ్వకముందే అడిగారు కాబట్టి ‘వద్దు’కు విలువ దక్కింది.

డబ్బు మాట

సమ్మతి అంటే ఎప్పుడూ కాదనడమే కాదు. ఔనని కూడా చెప్పొచ్చు. కానీ ఔను అనడానికి ఊరి ముందు ఏముంది?

మామూలు జలవిద్యుత్ ప్రాజెక్టులకు 2008 కేంద్ర విధానం ఒక పద్ధతి పెట్టింది. రాష్ట్రానికి 12 శాతం ఉచిత విద్యుత్, స్థానిక అభివృద్ధికి ఇంకో ఒక శాతం, నష్టపోయిన ప్రతి కుటుంబానికి పదేళ్లపాటు నెలకు వంద యూనిట్లు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన పంప్డ్ స్టోరేజ్ మార్గదర్శకాలు పంప్డ్ స్టోరేజ్ ప్లాంట్లను ఉచిత విద్యుత్ బాధ్యత నుంచి తప్పించాయి. ఈ ప్లాంట్లు కరెంటు పుట్టించవు, దాస్తాయంతే అన్నది అందుకు కారణం. ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ దాచడం మీద వచ్చే ఆదాయం ఉంది కదా. చవగ్గా కొన్న మధ్యాహ్నపు కరెంటు రాత్రి ఖరీదుగా అమ్ముడుపోయేది ఆ కొండ ఎత్తు వల్లే. ఆ ఎత్తుకు అద్దె ఎవరికి? సమత తీర్పు గనుల సందర్భంలో నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టమంది. కొండను వాడుకునే ప్రతి వ్యాపారానికీ అదే కొలత కావాలని అడగడం అత్యాశ కాదు.

పరిహారం లెక్కలో ఒక సాంకేతిక దగా ఉంది. మార్కెట్ విలువను రిజిస్టరైన అమ్మకాల నుంచి తీస్తారు. 1/70 ఉన్నచోట అమ్మకాలు అరుదు, ఉన్నా కారుచౌక. కాబట్టి ఎకరం విలువ దారుణంగా తేలుతుంది. కానీ 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 26లోనే దీనికి విరుగుడు ఉంది. చట్టం వల్ల భూ లావాదేవీలకు ఆంక్షలున్న ప్రాంతంలో, ఆనుకుని ఉన్న ప్రాంతాల్లోని అలాంటి భూమి ధరను బట్టి ప్రభుత్వం కనీస ధర నిర్ణయించాలి. ఈ ఉత్తర్వు ఇచ్చారా అని కలెక్టరును రాతపూర్వకంగా అడగాలి. పట్టా లేనివాళ్లకు ఏమీ రాదన్న మాటా తప్పే. మూడేళ్లుగా అడవి మీద, నీటి వనరుల మీద ప్రధానంగా బతికే కుటుంబం కూడా చట్టం దృష్టిలో ప్రభావిత కుటుంబమే. భూమి పోయే ఎస్టీ కుటుంబానికి పోయినంత భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది, భూమిగానే ఇవ్వాలని అదే చట్టం రెండో షెడ్యూల్ చెబుతోంది.

ఊరు ముందుగా చేసుకోగలిగినవి

కంపెనీ రాకముందే అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కుకు ఫారం సి పెట్టాలి. వ్యక్తిగత పోడుకు ఫారం ఎ, ఉమ్మడి హక్కులకు ఫారం బి. ఒక్కో క్లెయిముకు కనీసం రెండు ఆధారాలు జతచేయాలి: పాత రసీదు, పెద్దల వాంగ్మూలం, పాత శ్మశానం, దేవత చెట్టు లాంటివి. రసీదు లేకుండా కాగితం ఇవ్వొద్దు. క్లెయిము పెండింగులో ఉన్నంతకాలం సెక్షన్ 4(5) మీ పక్షాన నిలుస్తుంది. ఏ ఊరూ క్లెయిము పెట్టకపోతే ‘హక్కులు లేవు’ అని కలెక్టరేట్ నుంచి సర్టిఫికెట్ పోవడం ఒక పూట పని.

అటవీ అనుమతి కోరిన ప్రతి ప్రాజెక్టు కేంద్రం నడిపే అనుమతుల వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో కాగితాలు పెట్టాలి. అందులో కేఎంఎల్ అనే మ్యాపు ఫైలు ఉంటుంది. దాన్ని ఫోనులో గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే ఏ తోట, ఏ ఇల్లు గీత లోపల పడిందో కనిపిస్తుంది. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు పది నిమిషాల్లో చేయగలరు. తెరిచాక ఆ గీత వెంట నడిచి చూడాలి. కాగితంలో ‘ఖాళీ’ అని రాసినచోట కాపుకొచ్చిన కాఫీ ఉంటే ఫొటో తీసి తేదీతో దాచాలి.

పర్యావరణ అనుమతి వస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా పెంచొచ్చు. కొండ మీదికి వార్త చేరేసరికే సగం గడువు పోతుంది, కాబట్టి పోర్టల్‌ను వారానికోసారి చూసే పని ఒకరికి అప్పగించడం మేలు.

ఊటల లెక్క ఇలా రాయాలి. పదిహేను లీటర్ల బకెట్, సెకన్లు చూపే ఫోను చాలు. పైపు కింద బకెట్ పెట్టి నిండడానికి పట్టిన సెకన్లు మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. యాభై సెకన్లు పట్టిందంటే నిమిషానికి 18 లీటర్లు, రోజుకు దాదాపు 26 వేల లీటర్లు. ప్రతి ఊటకు ఒక పేజీ, ప్రతి నెలా ఒకే తేదీన, ఇద్దరు సాక్షుల సంతకాలతో. ముఖ్యమైనవి ఫిబ్రవరి నుంచి మే వరకు నెలలు, ఎందుకంటే వానాకాలంలో ఏ ఊటైనా నిండుగానే ఉంటుంది. రెండు వేసవుల లెక్క చేతిలో ఉంటే సొరంగం తవ్వాక వచ్చిన తేడా వాన వల్లా, తవ్వకం వల్లా అన్నది వాదించొచ్చు. పుస్తకం రెండు ప్రతులు రాసుకోండి. ఒకటి ఊళ్లో ఉంచి, రెండోదాని నకలు ఏటా జూన్‌లో ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో ఇచ్చి స్టాంపు వేయించుకోండి.